మా అమ్మాయి మతాలు చదువుతానంటోంది

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. సొంత ఊరు నరసరావుపేట. మా అమ్మాయి ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సెకండియర్. పోయిన సెమిస్టర్‌లో ప్రపంచ మతాల మీద ఒక క్లాసు తీసుకుంది. ఇప్పుడు రెలిజియస్ స్టడీస్ మేజర్‌గా, అంటే డిగ్రీలో ముఖ్య సబ్జెక్టుగా, చేస్తానంటోంది. ఆ పాఠం చెప్పేది మన మతం వాళ్లు కూడా కాదు. ఇంట్లో శనివారం పూజకు కూర్చోబెడితే ‘ఇది ఎందుకు చేస్తాం, ఎప్పటి నుంచి చేస్తున్నాం’ అని ఒకటే ప్రశ్నలు. ఉద్యోగం గురించి ఒక టెన్షన్, పిల్ల నమ్మకం పోగొట్టుకుంటుందేమోనని అంతకన్నా పెద్ద టెన్షన్. వాళ్ల నాన్న ఆమెతో మాట్లాడటం మానేశారు. మీరు ఈ సబ్జెక్టు చదివినవారు కాబట్టి అడుగుతున్నాను. – పేరు వద్దు

జవాబు: అమ్మా, ముందు వాళ్ల నాన్నగారిని అమ్మాయితో మాట్లాడమనండి. మిగతావన్నీ ఆ తర్వాత.

మీ భయం నాకు కొత్త కాదు. 1984లో స్కాలర్‌షిప్ వచ్చి నేను ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీకి ఎం.ఏ. చేయడానికి బయల్దేరినప్పుడు, అనంతపురంలో మా నాన్న అడిగింది కూడా ఇదే: ‘వాళ్ల దగ్గరికి వెళ్లి మన దేవుడి గురించి నేర్చుకుంటావా?’ నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. అక్కడ దేవుణ్ణి నేర్పరు. మనుషులు దేవుడితో ఎలా బతుకుతున్నారో చూడటం నేర్పుతారు.

లాంకాస్టర్‌లో ఆ శాఖను 1967లో నినియన్ స్మార్ట్ మొదలుపెట్టారు. అంతకుముందు అక్కడి యూనివర్సిటీల్లో మతం చదవడమంటే దాదాపుగా క్రైస్తవ వేదాంతం చదవడమే. స్మార్ట్ ఆ పద్ధతి మార్చారు. ఏ మతాన్నైనా దాని సిద్ధాంతాన్ని బట్టి మాత్రమే కొలవకూడదనేవారు. పూజలు, కథలు, అనుభూతులు, నీతి నియమాలు, సంఘం కట్టుబాట్లు కూడా చూడాలి, తర్వాత గుడులు, విగ్రహాలు, వస్తువులు కూడా చూడాలి అన్నారు. మీ ఇంట్లో శనివారం పూజ ఉంది కదా, దానిలో ఇవన్నీ ఉన్నాయి. మీ అమ్మాయి అడుగుతున్న ప్రశ్నలు అక్కడ నుంచే వచ్చినవి. వాటిని ఎదురు ప్రశ్నలు అనుకోకండి.

నాకు ఈ చదువు నిజంగా తలకెక్కింది మాత్రం క్లాసులో కాదు. లాంకాస్టర్ రైల్వే స్టేషన్ పక్కనే క్వేకర్ల ప్రార్థన మందిరం ఉంది. క్వేకర్లు క్రైస్తవంలో ఒక శాఖ. వాళ్ల ఉద్యమం 1650లలో ఆ చుట్టుపక్కల కొండల్లోనే బలపడింది, వాళ్ల నాయకుడు జార్జ్ ఫాక్స్‌ను పెట్టిన జైలు ఆ ఊరి కోటలోనే ఉండేది. ఒక ఆదివారం వెళ్లి వాళ్ల ప్రార్థన చూసి వ్యాసం రాయమన్నారు మా సార్. వెళ్లాను. ఒకరికొకరు ఎదురుగా కూర్చున్నారు. గంటసేపు ఎవరూ మాట్లాడలేదు. మధ్యలో ఒక పెద్దాయన లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నారు. బయట రైళ్ల చప్పుడు. చివర్లో పక్కవాళ్లతో చేతులు కలిపారు, అంతే. నేను గదికి వచ్చి రాసుకున్నాను: పూజారి లేడు, విగ్రహం లేదు, పాట లేదు, హారతి లేదు, ప్రసాదం లేదు.

సార్ దాన్ని దిద్దలేదు. ‘తీసుకెళ్లి వాళ్లకే చదివి వినిపించు’ అన్నారు. మరుసటి ఆదివారం అక్కడ టీ పోసే ఒక ముసలావిడకు చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నది. ‘మా దగ్గర లేనివన్నీ రాశావమ్మా. ఉన్నది రాయలేదు’ అంది. ఆ మాటలో కోపం లేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత ఆరు ఆదివారాలు వెళ్లి ఆ నిశ్శబ్దంలో కూర్చున్నాను. అది ఖాళీ నిశ్శబ్దం కాదనీ, ఎవరి లోపల నుంచైనా వెలుగు మాటగా రావచ్చని వాళ్లు కాచుకుని ఉండటమనీ అర్థమయ్యాక మళ్లీ రాశాను.

స్మిత్ అని ఒక కెనడా పండితుడు, దేశ విభజనకు ముందు లాహోర్‌లో పాఠాలు చెప్పినవాడు, 1959లో ఒక వ్యాసంలో ఈ విషయాన్నే సూత్రంగా పెట్టారు. ఒక మతం గురించి నువ్వు చెప్పేది ఆ మతస్థులు విని ‘అవును, ఇది మేమే’ అనగలగాలి, లేకపోతే అది సరైన మాట కాదు అని. మీ అమ్మాయి నాలుగేళ్లు నేర్చుకునేది ముఖ్యంగా ఇదే అయితే, ఆ ఫీజు వృథా కాదని నేను మనస్ఫూర్తిగా చెబుతాను. పాఠం చెప్పేవారు మన మతం వాళ్లు కాదన్న బెంగ కూడా ఈ సూత్రంతోనే కొంత తీరుతుంది. వాళ్లు చెప్పింది విని ‘మేము ఇలా కాదు’ అనిపిస్తే, లేచి చెప్పే హక్కు మీ అమ్మాయికి ఉంది. చెప్పమనండి.

ఈ సూత్రం తేలికైనది మాత్రం కాదు. మా నాయనమ్మ ప్రతి ఏడూ నార్పల దగ్గర గూగూడు కుళ్లాయప్ప స్వామికి చక్కెర చదివింపులు ఇచ్చేది. మొహర్రంలో పీర్లు, అంటే ముస్లిం పుణ్యపురుషుల గుర్తుగా ఊరేగించేవి, లేచే రోజు అగ్నిగుండం ముందు చేతులు జోడించి నిలబడేది. మాది హిందూ కుటుంబం, అయినా అది మా ఇంటి మొక్కు. అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఫిలాసఫీ చెప్పేటప్పుడు ఇస్లాం పాఠంలో గూగూడు గురించి ఇష్టంగా చెప్పేదాన్ని. ఒక రోజు ఒక ముస్లిం విద్యార్థి క్లాసయ్యాక వచ్చి, ‘మేడమ్, మా నాన్న పీర్లకు మొక్కరు. అది ఇస్లాం కాదంటారు. మీరు పీర్ల పండుగ చెబితే మా ఇల్లు ఆ పాఠంలో లేదు’ అన్నాడు. ఆ ముసలావిడ మాటే మళ్లీ వినిపించింది. ‘ఇది మేమే’ అనాల్సిన వాళ్లలోనే ఇన్ని రకాల వాళ్లు ఉన్నప్పుడు ఎవరి మాట తీసుకోవాలి? ఆ ఏడాది నుంచి రెండు ఇళ్లూ చెప్పాను. గూగూడులో పీర్లను చూసుకునే ముజావర్ల ఇల్లూ, ఆ విద్యార్థి నాన్నగారి ఇల్లూ. మన తెలుగు కవి అఫ్సర్ ఆస్టిన్‌లో కొన్నేళ్లు పాఠాలు చెప్పారు. గూగూడు పండుగ మీద ఆయన ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. మీ అమ్మాయి తన లైబ్రరీలో అడిగి చదవచ్చు.

నమ్మకం సంగతి. నా మటుకు నేను ఇప్పటికీ తులసి కోటకు నీళ్లు పోసే రోజు మొదలుపెడతాను. నాతో చదివిన వాళ్లలో ఒకరిద్దరు నమ్మకం వదిలేశారు, ఒకమ్మాయి చర్చిలో పాస్టర్ అయింది. ఏది జరుగుతుందో ముందే చెప్పలేం. ప్రశ్నలు అడగని పిల్లల నమ్మకం నిలుస్తుందన్న హామీ మాత్రం ఎవరిస్తారు? ఆమె ‘ఎందుకు’ అన్నప్పుడు మీకు తెలిసింది చెప్పండి, తెలియకపోతే ఇద్దరూ కలిసి నరసరావుపేటలో మీ అమ్మగారికి ఫోన్ చేయండి.

ఇక ప్రభుత్వ యూనివర్సిటీలో మతం ఏమిటని వాళ్ల నాన్నగారు అనవచ్చు. 1963లో అమెరికా సుప్రీంకోర్టు, ప్రభుత్వ బడుల్లో భక్తి కోసం బైబిల్ చదివించడం తప్పని చెబుతూనే, మతాల చరిత్ర, తులనాత్మక అధ్యయనం లేనిదే చదువు పూర్తి కాదని చెప్పవచ్చు అంది. భక్తి నేర్పడం వేరు, మతాల గురించి చెప్పడం వేరు అన్న ఈ గీతే ఆ తర్వాత అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇలాంటి శాఖలు పెరగడానికి ఊతమైంది. తీర్పు రాసిన జస్టిస్ టామ్ క్లార్క్ మీ డాలస్‌లోనే పుట్టారు, మీ అమ్మాయి చదివే యూనివర్సిటీలోనే లా చదివారు.

ఉద్యోగం గురించి మీకు తీపి మాటలు చెప్పను. ఈ ఒక్క డిగ్రీతో కంప్యూటర్ సైన్స్ వాళ్లకొచ్చే జీతం నేరుగా రాదు. ఇది చదివినవాళ్లు లా స్కూలుకు, టీచింగ్‌కు, మ్యూజియాలకు, సేవాసంస్థలకు వెళ్తుంటారు. కంప్యూటర్ సైన్స్ వదలకుండా రెండోదీ మేజర్‌గా చేసే వీలుందేమో అమ్మాయిని అడ్వైజర్‌తో మాట్లాడమనండి. ఏది చేసినా ఒక భాష తప్పకుండా తీసుకోమనండి. సంస్కృతం కావచ్చు, అరబిక్ కావచ్చు. మూలగ్రంథం ఒక్క పేజీ అయినా సొంతంగా చదవలేని వాళ్లు ఈ చదువులో గడప దగ్గరే నిలబడిపోతారు.

ప్రశ్న: నేను అనంతపురంలో బి.ఏ. ఫైనలియర్. విదేశాలకు వెళ్లే స్తోమత లేదు. మన దేశంలో మతాల అధ్యయనం ఎక్కడ చదవచ్చు? – ఒక విద్యార్థి

జవాబు: నాయనా, మన దగ్గర ఈ సబ్జెక్టు అంతగా ఎదగలేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. దాన్ని చూసి చాలామంది మతాల గురించి చెప్పడం కూడా తప్పే అనుకున్నారు. తప్పు కాదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు చాలా ముందే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్రా యూనివర్సిటీ) వైస్ ఛాన్సలర్‌గా, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాల ఆచార్యుడిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49 యూనివర్సిటీ విద్యా కమిషన్, డిగ్రీ మొదటి ఏడాదిలోనే బుద్ధుడు, ఏసు, మహమ్మదు ప్రవక్త, శంకరుడు, కబీరు, నానక్ వంటి వారి జీవితాలు చెప్పాలని సిఫార్సు చేసింది. అది కాగితం మీదే ఉండిపోయిందని నాకు ఇప్పటికీ బాధ.

పాటియాలాలోని పంజాబీ యూనివర్సిటీలో మతాధ్యయన శాఖ 1960ల నుంచి ఉంది. శాంతినికేతన్ విశ్వభారతిలో ఫిలాసఫీతో కలిపి తులనాత్మక మతం చెబుతారు. మద్రాసు యూనివర్సిటీలో వైష్ణవం, శైవ సిద్ధాంతం, జైనం, క్రైస్తవం దేనికది వేరే శాఖ. హైదరాబాద్‌లో హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1930లో లాహోర్‌లో పుట్టి, ఊళ్లు మారి ఇక్కడికి వచ్చింది. చిన్న కోర్సులు, మంచి లైబ్రరీ ఉన్నాయి.

ఈ లోపల మీ ఊళ్లోనే మొదలుపెట్టు. స్వాతంత్ర్యానికి ముందే కురాన్‌ను తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు గారు మన అనంతపురం దత్తమండల కళాశాలలో పనిచేసినవారే. వచ్చే మొహర్రానికి గూగూడు వెళ్లు. మొక్కేవాళ్లతో మాట్లాడు, మొక్కనివాళ్లతోనూ మాట్లాడు. నాలుగు పేజీలు రాసి, వాళ్లకు చదివి వినిపించాక నాకు పంపు.