వెంట్రుకల్లో దాగిన ఒత్తిడి లెక్క

సందేహం: మూడు నెలల క్రితం ఆవులను కొత్త షెడ్డులోకి మార్చాం. పాలు తగ్గాయి, ఎద సరిగా కనిపించడం లేదు. రక్తంలో కార్టిసాల్ (ఒత్తిడి వచ్చినప్పుడు పెరిగే హార్మోను) ఒకసారి ఎక్కువగా, ఒకసారి మామూలుగా వచ్చింది. వెంట్రుకలతో తెలుస్తుందా?

సలహా: తెలుస్తుంది. పశువును పట్టి కట్టేసి సూది గుచ్చేలోపే రక్తంలో కార్టిసాల్ పెరుగుతుంది. అందుకే మీకు రెండుసార్లు రెండు రకాలుగా వచ్చింది. వెంట్రుక పెరిగేటప్పుడు ఆ హార్మోను కొద్దికొద్దిగా అందులో చేరి నిలిచిపోతుంది కాబట్టి వారాలు, నెలల ఒత్తిడి అందులో కనిపిస్తుంది. ఒక్కరోజు బెదురు కనిపించదు.

పాత వెంట్రుక ఏ నెలలో పెరిగిందో చెప్పలేం. కాబట్టి తోక కుచ్చులో ఒకచోట ఇప్పుడే చర్మం దాకా కత్తిరించండి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత అదే చోట కొత్తగా వచ్చినదాన్ని తీయండి. ఆ మధ్యకాలపు ఒత్తిడి అందులో ఉంటుంది. వెంట్రుకలు పీకకండి, కుదుళ్లు కూడా వచ్చి లెక్క తప్పుతుంది. చర్మం తెగి రక్తం అంటినా అంతే.

నమూనా ఎక్కువగా చెడేది పేడ, మూత్రం వల్ల. వాటిలోనూ హార్మోను ఉంటుంది, అది వెంట్రుకలోకి ఇంకుతుంది. ముద్ద కట్టిన కుచ్చు వదిలేసి శుభ్రమైన పాయ ఎంచుకోండి. ఇంట్లో సబ్బుతో కడగొద్దు. ల్యాబులో ఐసోప్రొపనాల్‌తో కడిగి, ఆరబెట్టి, మెత్తగా నూరి, హార్మోను బయటికి రావడానికి మెథనాల్‌లో నానబెట్టి ఎలీసా అనే ల్యాబు పరీక్షతో కొలుస్తారు. పరీక్షకు 50 మిల్లీగ్రాముల పొడి సరిపోయినా కడగడంలో, నూరడంలో కొంత పోతుంది. ఒక్కో ఆవు నుంచి అర గ్రాము తీసి, కాగితం కవరులో పెట్టి, ఎండ తగలనిచోట ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి బూజు వస్తుంది.

అన్ని ఆవులకూ ఒకే చోట, ఒకే రంగు వెంట్రుక తీయాలి. నలుపు తెలుపు ఆవుల్లో తెల్ల వెంట్రుకలోనే కార్టిసాల్ ఎక్కువగా కనిపించిన సందర్భాలున్నాయి. తోక వెంట్రుకను భుజం వెంట్రుకతో పోల్చకూడదు. ‘ఇంత దాటితే ఒత్తిడి’ అనే గీత లేదు. అదే ఈత, అదే పాల దశలో ఉన్న మంచి ఆవులతో పోల్చండి. ఈ మధ్య ఈనడం, చూడి, కుంటు, పొదుగువాపు కవరు మీద రాయండి, వీటి వల్ల కూడా విలువ మారవచ్చు.

ఫలితం కోసం ఆగకండి. ఈలోగా ఆవులు పడుకోవడానికి జంకుతున్నాయా, నేల జారుతోందా, మేత తొట్టి దగ్గర బలహీనమైనవి వెనక్కి తగ్గుతున్నాయా రోజూ చూడండి. గిట్టలు ఈ వారమే పశువైద్యునికి చూపించండి.