పార్కుల ప్రణాళిక రాయబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

విజయనగరం పార్కులకు, ఆటస్థలాలకు రాబోయే ఇరవై ఏళ్ల ప్రణాళిక తయారుచేసే బృందంలో నిన్ను వేశారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ వెనకే నీ ఉత్తరం వచ్చింది. "మావయ్యా, ఎక్కడ మొదలుపెట్టమంటావు?" అని అడిగావు. అడగకపోయినా చెప్పేవాడినే. టౌన్ ప్లానింగ్‌లో జీతం తీసుకుని రిటైరైన వాడి నోరు మూయించడం ఎవరి తరం?

కన్సల్టెంటు తెచ్చే రంగు బొమ్మలు చూసి మురిసిపోకు. వాటిలో పచ్చిక మీద ఒక్క ఎండుటాకు ఉండదు, ఫౌంటెన్ ఎప్పుడూ చిమ్ముతూనే ఉంటుంది, ఊరి పేరు పెద్ద అక్షరాలతో చెక్కిన సెల్ఫీ పాయింటు తప్పకుండా ఉంటుంది. రోహిణి కార్తెలో ఆ పచ్చికకు నీళ్లు ఎవరు పెడతారో, ఫౌంటెన్ మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయిస్తారో ఆ బొమ్మ చెప్పదు. నీ ప్రణాళికలో సగం భూమి లెక్క ఉండాలి, సగం నిర్వహణ లెక్క ఉండాలి. ఇంకా చోటు మిగిలితే ఫౌంటెన్ గీసుకోమను.

మొదటి నెల ఏమీ గీయించకు. రికార్డు గదిలో కూర్చో. ఊరు పెరిగిన కొద్దీ ఆమోదించిన లేఅవుట్లన్నిటి నకళ్లు తీయించు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం లేఅవుట్ వేసేవాడు కనీసం పది శాతం ఖాళీ స్థలం విడిచి దాన్ని స్థానిక సంస్థకు రాసివ్వాలి. పది ఎకరాల లేఅవుట్ అంటే ఎకరం. పటంలో ఆ ఎకరానికి పచ్చరంగు వేసి ఉంటుంది. దస్తావేజు నిజంగా రిజిస్టరయిందా, ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం, హద్దులేమిటి అన్నవి ఒక్కొక్కటీ సరిచూడు. తరువాత కొలత పుస్తకం నకలు, టేపు, ఒక సర్వేయరును వెంటబెట్టుకుని ఆ చోటుకు వెళ్లు.

అక్కడ ఏం కనిపిస్తుందో ముందే చెబుతాను. ఒకచోట మంచినీళ్ల ట్యాంకు, ఒకచోట అంగన్‌వాడీ, ఒకచోట రామాలయం, పక్కన దాని రేకుల పందిరి. ఇంకొకచోట ఎదురింటివారి కారు షెడ్డు, దాని మీద కాకరపాదు. మరోచోట నిజంగానే ఖాళీగా ఉంటుంది, అయితే అది హైటెన్షన్ తీగల కింద మిగిలిన మూడు మూలల ముక్క. అమ్ముడుపోయే చోటును పార్కుకు విడిచిపెట్టిన వ్యాపారిని నా ఉద్యోగకాలంలో అరుదుగా చూశాను. గుడి జోలికి పోకు, అది నీ స్థాయిలో తేలే వ్యవహారం కాదు. ఉన్నది ఉన్నట్టు పటంలో ఎక్కించి, మిగిలిన స్థలానికి హద్దురాళ్లు నాటించు. కారు షెడ్డుకు మాత్రం నోటీసు ఇప్పించు. ఆ ఇంటాయన తనకు తెలిసిన పెద్దమనిషితో ఫోను చేయిస్తాడు. భయపడకు. పటం నీ చేతిలో ఉంటే ఆ పెద్దమనిషి గొంతు రెండో ఫోనుకు తగ్గుతుంది.

ఒక తీర్పు గుర్తుపెట్టుకో. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రి కట్టుకోవడానికి ఇస్తే కాలనీవాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని చెప్పింది. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన అక్కడ నిలవలేదు. మన ఊళ్లోనూ పార్కు స్థలాన్ని చెడ్డ పనికి అడిగేవాడు ఎవడూ ఉండడు. గ్రంథాలయమని, వృద్ధాశ్రమమని, సామాజిక భవనమని మంచి పేర్లతోనే వస్తారు. ఆ మంచి పనులకు వేరే స్థలం చూపించమని చెప్పే ధైర్యం నీ ప్రణాళిక ఇవ్వాలి. అందుకే ప్రతి ఖాళీ స్థలానికీ ఒక నంబరు ఇచ్చి, జాబితాను కౌన్సిల్ తీర్మానంతో ఆమోదింపజేసి, మాస్టర్ ప్లాన్‌లో కలిపించమని నా గట్టి సలహా. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థల పనుల జాబితా ఉంది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో పన్నెండో అంశం. అధికారులతో మాట్లాడేటప్పుడు ఆ అంశం సంఖ్య చెప్పి చూడు, వినే తీరు మారుతుంది.

లెక్క విషయానికొస్తే, కేంద్రం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. మన జనాభా 2011 లెక్కలకే రెండు లక్షలు దాటింది. రెండు లక్షలకే లెక్కగట్టినా 200 హెక్టార్లు కావాలి, అంటే ఐదు వందల ఎకరాలకు కాస్త తక్కువ. గంటస్తంభం చుట్టుపక్కల ఐదు సెంట్లు దొరకడమే గగనం. కనుక ఆ అంకెను నివేదిక మొదటి పేజీలో పెట్టి జనాన్ని బెదరగొట్టకు. పాత ఊళ్లో కొత్త పార్కు కొనలేం, ఉన్నవాటి తలుపులు తెరవగలం. ప్రభుత్వ పాఠశాలల, కళాశాలల మైదానాలు సాయంత్రం ఐదు తరువాత, ఆదివారాలు, వేసవి సెలవుల్లో తాళాలు వేసి ఉంటాయి. విద్యాశాఖతో రాతపూర్వక ఒప్పందం, గేటుకు ఒక మనిషి, విరిగిన కిటికీ అద్దానికి ఎవరు డబ్బు కట్టాలో ముందే ఒక నిబంధన, ఇవి కుదిర్చితే ఆ మైదానాలన్నీ ఊరివే. ప్రధానోపాధ్యాయులు భయపడేది ఆ అద్దం గురించే, పిల్లల గురించి కాదు. ఆ ఖర్చు నగరపాలక సంస్థ భరిస్తుందని రాసిస్తే సగం మంది ఒప్పుకుంటారు.

చెరువుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పెద్దచెరువు, అయ్యకోనేరు మనకు తాతల నాటి ఆస్తి. పైడితల్లి అమ్మవారి విగ్రహం దొరికింది పెద్దచెరువులోనే అంటారు. అమ్మవారి తెప్పోత్సవం జరిగేదీ అక్కడే. ఇలాంటి చెరువుకు సుందరీకరణ అనగానే గట్టు లోపలికి జరిపి నడకదారి వేయాలనే ఆలోచన వస్తుంది. ఒక్కసారి ఆరడుగులు జరిగితే అది ఇక వెనక్కి రాదు, ఆ నీరు వానాకాలంలో వీధుల్లోకి వస్తుంది. ముందు పూర్తి నీటిమట్టం హద్దు గుర్తించి రాళ్లు వేయించు. తరువాత నీరు వచ్చే కాలువలు, పోయే తూము చూడు. మురుగు ఎక్కడైనా కలుస్తుంటే దాన్ని మళ్లించే పని మొదటి ఏడాది ఖర్చులో రాయి. కంపు కొట్టే నీటి పక్కన రంగుల బల్లలు వేస్తే కూర్చునేది ఎవరు? నాలుగు వైపులా టైల్స్ పరవద్దు. ఒక వైపు తుంగ, రెల్లు అలాగే వదిలేయించు, కొంగలు, నీటికోళ్లు ఉంటాయి. తెప్పోత్సవానికి దిగే మెట్ల దగ్గర మాత్రం ఏ కట్టడమూ అడ్డురాకూడదు.

కార్యాలయంలో కూర్చుని జనానికి ఏం కావాలో ఊహించకు. ఏదైనా కాలనీ పార్కుకు ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, సాయంత్రం ఏడింటికి వేర్వేరు రోజుల్లో వెళ్లి ఊరికే కూర్చో. నేను చూసిన ఒక పార్కులో గేటు ప్రధాన రోడ్డు వైపు ఠీవిగా ఉండేది. వెనకవైపు ఇనుప గ్రిల్‌లో రెండు చువ్వలు మాత్రం మనిషి పట్టేంత వంగి ఉండేవి. కింద మట్టి అరిగి నున్నగా అయింది. చువ్వలకు నూనె చేతుల నలుపు పట్టింది, ఒకదానికి చీర అంచు చిరిగిన పోగు వేలాడుతోంది. వెనక వీధిలోని ఆడవాళ్లు, పిల్లలు అందులోంచే వస్తారు. ప్రతి ఏటా వెల్డింగ్ చేయించేవారు, మళ్లీ వంగేది. అక్కడ గేటు పెట్టమని మనిషెత్తు గ్రిల్ మొత్తుకుంటుంటే మనం వెల్డింగ్ బిల్లులు పాస్ చేస్తున్నాం! అలాంటి చోట్లు కనిపెట్టడమే సర్వే అంటే.

ఇంకా గమనించు. జారుడుబల్ల రేకు పడమర వైపు తిరిగి ఉంటే మే నెలలో సాయంత్రం ఐదుకు కూడా పిల్లవాడి తొడ కాలుతుంది. మరుగుదొడ్డి లేని పార్కుకు ఆడవాళ్లు అరగంటకు మించి రారు. దీపాలు మధ్యలో బాగానే ఉంటాయి, గేటు నుంచి వీధి మలుపు దాకా చీకటి. అమ్మాయిలు రావడం మానేసేది ఆ ఇరవై గజాల వల్లే. ఇవన్నీ చిన్న ఖర్చులు. పెద్ద టెండర్లు పిలిచేవారికి అందుకే వీటి మీద ఆసక్తి ఉండదు.

ఆటల విషయంలో మన ఊరి అలవాటును గౌరవించు. మల్లవీరుడు కోడి రామమూర్తి ఇక్కడ వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. మన పక్కనే నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అనే పల్లె వెయిట్‌లిఫ్టర్లను తయారుచేస్తూనే ఉంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది పక్క జిల్లా శ్రీకాకుళం. ఇలాంటి ప్రాంతంలో ప్రతి పార్కులోనూ అవే ఓపెన్ జిమ్ యంత్రాలు ఎందుకు? రెండేళ్లు తిరక్కుండానే వాటి బేరింగులు అరిగి కీచుమంటాయి. నాలుగైదు వార్డులకు ఒకటి చొప్పున గట్టి నేల, రేకుల కప్పు, బార్‌బెల్ రాడ్లు, బిళ్లలు, ఒక శిక్షకుడు ఉన్న షెడ్డు పెట్టు. అమ్మాయిలకు వేరే సమయం కేటాయించు. క్రికెట్ పిల్లలను నడిచేవాళ్లు తరిమేసే గొడవ ప్రతి పార్కులో ఉంటుంది. అర ఎకరంలో ఇద్దరినీ మెప్పించడం సాధ్యం కాదు. ఏ స్థలం ఆటకు, ఏది నడకకు అన్నది ప్రణాళికలోనే తేల్చేయి. బోర్డు రాసి పెడితే తగవు తీరదు, కానీ తీర్పు చెప్పేవాడికి ఆధారం దొరుకుతుంది.

చెట్ల మీద నాకు పట్టుదల ఎక్కువ, నీకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నీడ కోసం త్వరగా పెరుగుతాయని వేసిన చెట్లే ముందు వేళ్లతో సహా పడ్డాయి. వేప, కానుగ, నేరేడు, పొగడ, మద్ది లాంటివి నెమ్మదిగా పెరుగుతాయి. ఏ మంత్రి ప్రారంభోత్సవానికీ అందుకోవు, నిలబడేది మాత్రం అవే. కోనోకార్పస్ వద్దు. గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దని ఉత్తర్వే ఇచ్చింది. వేళ్లు కాలువల్లో, పైపుల్లో దూరతాయి. మొక్క చుట్టూ మీటరు మట్టి వదలకుండా టైల్స్ బిగించే గుత్తేదారుకు బిల్లు ఆపించు.

చింతచెట్లు కూడా నాటించు. పైడితల్లి పండుగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమానుకు ఏటా ఒక పెద్ద చింతమాను కావాలి. ఏ చెట్టు అన్నది అమ్మవారు పూజారికి కలలో చెబుతుందంటారు కనుక మన ప్రణాళిక అందులో తలదూర్చకూడదు. అయినా చుట్టుపక్కల చింతలు తగ్గిపోతుంటే అమ్మవారికి మాత్రం ఎంచుకునే వీలు ఎక్కడ? ఊరి చివర ప్రభుత్వ భూమిలో ఒక చింతతోపు వేస్తే యాభై ఏళ్ల తరువాత నిన్ను తలుచుకుంటారు, కనీసం తిట్టుకోరు.

ఇక డబ్బు. పట్టణాల సౌకర్యాల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన అమృత్ పథకంలో మన ఊరినీ చేర్చారు, శ్రీకాకుళాన్నీ చేర్చారు. అందులో పార్కులకు విడిగా కొంత వాటా పెట్టారు, గరిష్ఠంగా రెండున్నర శాతం. అలాంటి పథకాలు పార్కు కట్టిస్తాయి. తోటమాలి జీతం, బోరు మోటారు, కరెంటు బిల్లు, విరిగిన ఊయల గొలుసు మాత్రం ఊరి నెత్తినే పడతాయి. అందుకే ప్రతి పార్కుకూ ఒక పేజీ కేటాయించి నెలకు ఎన్ని నీళ్లు, ఎందరు మనుషులు, ఎంత ఖర్చు, ఏ పద్దు నుంచి అన్నది రాయి. పద్దు చూపలేని పార్కును కట్టొద్దని ఆ పేజీలోనే రాసేయి. అలాంటి చోట ప్రహరీ, పదిహేను వేపచెట్లు, ఒక కుళాయి చాలు. ఆడుకునే పిల్లలు ఫిర్యాదు చేయరు. శుద్ధి చేసిన మురుగునీటిని మొక్కలకు వాడే ఏర్పాటు గురించి ఇంజినీరింగ్ విభాగంతో ఇప్పుడే మాట్లాడు. తాగునీటి ట్యాంకర్లు వేసవిలో పార్కుకు వస్తే పక్క వీధివాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

ముసాయిదా తెలుగులో వేయించి, ప్రతి వార్డు సచివాలయం గోడకు ఆ వార్డు పటం అంటించు. వార్డు ప్లానింగ్ కార్యదర్శి పక్కన నిలబడి వేలుపెట్టి చూపించాలి. "ఇది మా తాతగారి కళ్లం, పార్కెలా అయింది?" అని ఎవరో ఒకరు వస్తారు. ఆ అభ్యంతరాలు ఇప్పుడే రావడం మంచిది, పునాది తవ్వాక వస్తే కోర్టు దాకా పోతాయి.

సిద్ధమయ్యాక మొత్తం పుస్తకం నాకు పంపకు, నా కళ్లకు అంత ఓపిక లేదు. భూముల జాబితా, నిర్వహణ పేజీలు పంపు చాలు. మీ అత్తయ్య సున్నుండలు చేసి పెట్టింది, ఆదివారం వచ్చి తీసుకువెళ్లు. వచ్చేటప్పుడు పెద్దచెరువు పాత పటం నకలు దొరికితే తీసుకురా, తూము ఎక్కడుండేదో నాకు చూడాలని ఉంది.

మీ మావయ్య