కోచ్ అవుతానంటున్న కొడుకు: ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మావాడు ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు పదకొండో గ్రేడ్. లెక్కల్లో గట్టివాడు. స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఉన్నాడు గానీ ఆటలోకి దింపేది తక్కువే. కంప్యూటర్ సైన్స్ తీసుకుంటాడనుకుంటే, కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ అవుతానని కూర్చున్నాడు. అదసలు ఉద్యోగమేనా? ఎలా మాన్పించాలి?

జవాబు: ఉద్యోగమే సార్. మీ గుంటూరు చుట్టాలు అనుకునే, కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదని, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ అని మాత్రం ముందే చెప్పి పెట్టుకోండి. మీ పక్కనే ఉన్న ఆలెన్‌లో హైస్కూల్ పిల్లల ఆట కోసం 2012లో 6 కోట్ల డాలర్లు పోసి 18,000 మంది పట్టే స్టేడియం కట్టారు. పిల్లవాడు పుట్టి పెరిగింది ఆ గాలిలో. మాన్పించడం గురించి కాదు, అతను దేన్ని చూసి ఇష్టపడుతున్నాడన్నదే నా ఆలోచన.

టీవీలో కనిపించేది శనివారం, గీత పక్కన హెడ్‌సెట్ పెట్టుకుని అరిచే కోచ్. అసలు ఉద్యోగం ఆదివారం మొదలవుతుంది. కొత్తగా చేరిన గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (అందరూ జీఏ అంటారు) వచ్చే వారం ఎదురయ్యే జట్టు పాత వీడియోలు ముందేసుకుని కూర్చుంటాడు. బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా ఒక ప్లే; ఒక్కో ఆటలో ఒక జట్టు డెబ్బై ప్లేల దాకా ఆడుతుంది. ప్రతి ప్లేకూ అది ఎన్నో డౌన్ (పది గజాలు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు అవకాశాల్లో ఎన్నోది), ఇంకెన్ని గజాలు కావాలి, బంతి మైదానంలో ఏ పక్కన ఉంది, రన్నింగ్ బ్యాక్‌లు (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు) ఎందరు, టైట్ ఎండ్‌లు (ప్రత్యర్థుల్ని అడ్డుకుంటూ బంతి కూడా అందుకునేవాళ్లు) ఎందరు అని ఒక్కొక్కటీ నింపాలి. అలాంటివి నాలుగైదు ఆటలు. ‘మూడో డౌన్, ఐదు గజాల లోపుంటే వీళ్లేం చేస్తున్నారు?’ అని కోఆర్డినేటర్ (జట్టు దాడినో రక్షణనో నడిపించే సీనియర్ అసిస్టెంట్ కోచ్) అడిగేసరికి జవాబు చేతిలో ఉండాలి. తర్వాత ఆ ప్లేలన్నీ అట్టల మీద మార్కర్‌తో గీయాలి. ప్రాక్టీసులో స్కౌట్ టీమ్ కుర్రాళ్లు ఆ బొమ్మ చూసుకుని ప్రత్యర్థి వేషం కడతారు. గీత తప్పు గీశారో, మొత్తం జట్టు ఒక తప్పుడు ప్లేకి సిద్ధమైపోతుంది.

జీఏకి జీతం అనేంత ఉండదు. మాస్టర్స్ ఫీజు కట్టక్కర్లేదు, పైన కొంత స్టైపెండ్. ఆ సీటు రావాలంటే మాస్టర్స్‌లో చేరగల మార్కులుండాలి, కాబట్టి చదువు వదిలేస్తే కోచ్ దారి కూడా మూసుకుపోతుంది. కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ నిక్ సాబన్ పేరు మీవాడికి తెలిసే ఉంటుంది. భార్య డిగ్రీ పూర్తయ్యేదాకా ఊళ్లోనే ఉండాల్సొచ్చి, 1973లో కెంట్ స్టేట్‌లో జీఏగా చేరాడు. ఏడు జాతీయ టైటిళ్లతో రిటైరయ్యాడు. టీమ్‌లో మీవాణ్ని దింపకపోవడం గురించి బెంగ వద్దు. మైక్ లీచ్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆడనేలేదు, లా చదివి కోచింగ్‌లోకి వచ్చాడు. టెక్సస్ టెక్ హెడ్ కోచ్ అయ్యాడు.

ఇవి పైకొచ్చినవాళ్ల కథలు. కృష్ణానగర్‌లో అసిస్టెంట్ డైరెక్టర్లను చూశారు కదా, ఈ లోకం అచ్చం అదే. నమ్ముకునేది కాలేజీని కాదు, ఒక మనిషిని. హెడ్ కోచ్‌ని తీసేస్తే కింది అసిస్టెంట్లు కూడా చాలావరకు సామాను సర్దుకోవలసిందే. కొత్త ఊరు, కొత్త అద్దె ఇల్లు, పిల్లలకు కొత్త బడి. ప్రతి జనవరిలో కోచ్‌ల సంఘం సభ జరుగుతుంది, ఆ హోటల్ లాబీల్లో ఉద్యోగం పోయినవాళ్లూ, వెతుక్కునేవాళ్లూ తిరుగుతూనే ఉంటారు. పెద్ద యూనివర్సిటీల్లో పేరున్న కోఆర్డినేటర్లకు ఏడాదికి 20 లక్షల డాలర్లు దాటే జీతాలున్న మాట నిజం. ఆటకు స్కాలర్‌షిప్పులే ఇవ్వని డివిజన్ త్రీ (కాలేజీ ఆటల్లో కింది అంచె) కాలేజీల్లో ఇంకో పని కూడా చేస్తే గానీ గడవని అసిస్టెంట్లు ఉన్నమాటా నిజమే. ఆటగాళ్లను వెతికి తెచ్చే రిక్రూటింగ్ సంగతి చెబితే ఈ ఉత్తరం తెల్లారదు.

మీవాడికి కలిసొచ్చేది లెక్కలే. ఇదివరకు పెద్ద జట్లలో హెడ్ కోచ్ కాక పదిమంది అసిస్టెంట్లే మైదానంలో ఆట నేర్పాలనే నిబంధన ఉండేది. 2024లో అది పోయింది. వీడియోలూ అంకెలూ చూసే అనలిస్టులు కూడా ఇప్పుడు నేర్పవచ్చు. కాబట్టి కంప్యూటర్సో స్టాటిస్టిక్సో చదవనివ్వండి, కాకపోతే మొదటి ఏడాదే ఫుట్‌బాల్ ఆఫీసు తలుపు తట్టి స్టూడెంట్ అసిస్టెంట్‌గా చేరాలి. కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుతో పాటు, అక్కడ విద్యార్థులకు ఆ పని ఇస్తారా అనీ అడగండి.

ఇంకో తలుపు మీ ఊళ్లోనే ఉంది. టెక్సస్ పబ్లిక్ స్కూళ్లలో కోచ్ సాధారణంగా ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఫుల్‌టైమ్ ఉద్యోగి అయి ఉండాలి. అందుకే చాలామంది పగలు క్లాసులో టీచర్లు, సాయంత్రం కోచ్‌లు. డిగ్రీతో పాటు టీచింగ్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే కాలేజీల్లో తిరిగి తిరిగి విసిగిన రోజున వెనక్కి రావడానికి చోటుంటుంది. లెక్కలు చెప్పగలిగిన కోచ్‌ని ఏ ప్రిన్సిపాలూ వదులుకోడు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చిన్న పని. శుక్రవారం ఆటల వీడియోలకు వివరాలు నింపే పని తనకివ్వమని స్కూల్ కోచ్‌ని మీవాడినే అడగమనండి. నాలుగు వారాలు చేయనివ్వండి. అందులో ఒక శనివారం మీరూ కాఫీ తీసుకెళ్లి పక్కన కూర్చోండి, ప్లే ఆపి ఆపి మళ్లీ చూస్తున్నాడా, ఫోన్ చూస్తున్నాడా గమనించండి. అది చూశాక నాకు మళ్లీ రాయండి, కాలేజీల జాబితా అప్పుడు వేద్దాం.