మా ఆయనకు ఈ వయసులో బొమ్మ ఇటుకల పిచ్చేమిటి?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. కర్నూలు బి క్యాంపులో ఉంటాం. మా ఆయనకు 43, ప్రభుత్వోద్యోగి. కొన్నేళ్లుగా ఆయనకు లెగో బ్లాకుల (ఒకదానిలో ఒకటి బిగించి కట్టే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకల) పిచ్చి పట్టుకుంది. ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి ఆ టేబుల్ ముందు కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేస్తారు. పార్సిళ్లు ఇంటికి కాకుండా ఆఫీసుకు తెప్పించుకుంటారు. ధర అడిగితే సగమే చెబుతారు. తొమ్మిదేళ్ల మా బాబును మాత్రం వాటి మీద చెయ్యి వెయ్యనివ్వరు. ఉగాదికి వచ్చిన మా అమ్మ "మనవడు ఆడుకోవాల్సినవి అల్లుడు ఆడుకుంటున్నాడేమే" అంది. నవ్వుతూనే అన్నా నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపంలో ఆయన సొంతంగా కడుతున్న కొండారెడ్డి బురుజును తోసేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. ముక్కలన్నీ ఏరి డబ్బాలో పోసుకున్నారు. అప్పటినుంచి అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. అందులో విరిగిందేమీ లేదు, మళ్ళీ పెట్టుకోవచ్చు కదా! ఇది మానసిక జబ్బా? డాక్టరుకు చూపించాలా? ఆ సామానంతా మేడమీద గదిలోకి మార్చేద్దామని కూడా అనుకుంటున్నాను.
– ఒక సోదరి, కర్నూలు

జవాబు: డాక్టరు సంగతి చివర చెబుతానమ్మా, దానికి తొందరేమీ లేదు. ముందు ఆ బురుజు సంగతి చూద్దాం.

"మళ్ళీ పెట్టుకోవచ్చు కదా" అన్నారు. కొన్న సెట్టయితే నిజమే. లెగో వాళ్ల తాజ్‌మహల్ సెట్టు 2008లో వచ్చింది, అందులో 5,900కు పైగా ముక్కలు. అంత పెద్దదయినా లోపల పుస్తకం ఉంటుంది. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో పేజీ పేజీకీ బొమ్మ వేసి చూపిస్తుంది. అది కూలిపోతే ఓపిక ఉంటే చాలు, మళ్ళీ కట్టొచ్చు. కానీ కొండారెడ్డి బురుజుకు పుస్తకం ఎక్కడిది? మీవారు సొంతంగా కడుతున్నారని మీరే రాశారు. బ్లాకులేమో పలకలు పలకలుగా ఉంటాయి, బురుజేమో వంపు తిరిగి ఉంటుంది. చిన్న బ్లాకుల మధ్య గుండ్రటి ముక్కలు వేసుకుంటూ పోతే గోడ కొద్దికొద్దిగా వంగుతుంది. ఎక్కడ ఎంత వంచాలి, పై అంతస్తు దానిమీద ఎలా కూర్చోవాలి అన్నది కట్టేవాడు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి తేల్చుకోవాల్సిందే. ఎనిమిది బుడిపెలుండే ఒకే రంగు బ్లాకులు ఆరింటిని 91 కోట్లకు పైగా రకాలుగా కలపొచ్చని కోపెన్‌హాగన్ యూనివర్సిటీ గణితం ప్రొఫెసర్ ఒకాయన లెక్కగట్టారు. ఆరు ముక్కలకే అంత ఉంటే, వందల ముక్కల్లో ఆయన ఎంచుకున్న పద్ధతి మొత్తం ఆయనకే గుర్తుండకపోవచ్చు. మీరు తోసేసింది ఆ ఆలోచనని. అందుకే ఆయన కేకలు వెయ్యలేదు. ఆ బాధ అరిస్తే పోయేది కాదు.

కాబట్టి ముందు క్షమాపణ చెప్పండి. "అయిందేదో అయింది, రండి భోంచేద్దాం" అంటే అది క్షమాపణ కిందకు రాదు. మా అమ్మ మాటకు వచ్చిన కోపం మీ మీద చూపించాను, అలా చెయ్యాల్సింది కాదు అని నేరుగా చెప్పండి. ఆ ముక్కల్ని మీరే కూర్చి పెట్టాలని మాత్రం చూడకండి. దానికి బదులు ఇంట్లో ఫోన్లన్నిట్లో పాత ఫొటోలు వెతకండి. పండగ రోజు తీసిన వాటిలో ఎక్కడో ఓ మూల ఆ బురుజు పడే ఉంటుంది. ఎంత దొరికితే అంత ఆయనకు పంపండి. మళ్ళీ కడతారో లేదో ఆయన ఇష్టం, ఆ మాట మీరు ఎత్తొద్దు.

"పేకాట కంటే నయం, తాగుడు కంటే నయం, సర్దుకుపో" అని మీకు ఈపాటికి చాలామంది చెప్పే ఉంటారు. నేను ఆ మాట చెప్పను. ఒక మనిషి ఇష్టపడి చేసే పనిని చెడ్డ వాటి పక్కన నిలబెట్టి మెచ్చుకోవడం అవమానమే. వయసు మాటకొస్తే, 18 ఏళ్లు దాటిన వాళ్లకని పెట్టె మీదే ముద్రించి మరీ లెగో కంపెనీ సెట్లు అమ్ముతోంది. న్యూయార్క్‌లో నేథన్ సవాయా అనే లాయరు 2004లో వకీలు వృత్తి వదిలేసి ఈ ఇటుకలతో శిల్పాలు చేయడమే బతుకుతెరువు చేసుకున్నాడు. (మీవారు గనక ఉద్యోగానికి రాజీనామా అంటే మాత్రం మళ్ళీ ఉత్తరం రాయండి, అప్పుడు నేను మీ పక్షమే.)

ఇక డబ్బు. ఇక్కడ తప్పు ఆయనది. ధర సగం చెప్పడం, పార్సిలు ఆఫీసుకు తెప్పించుకోవడం ఆలుమగల మధ్య ఉండాల్సిన పద్ధతి కాదు. ఇవి బయటి దేశం సరుకు. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. పెద్ద పెట్టె ధర వింటే మీకు గుండె ఆగినంత పనవుతుందని భయపడి దాచి ఉంటారు, అయినా దాచడం దాచడమే. ఇద్దరూ కూర్చుని, ఇంటి ఖర్చులు, బాబు ఫీజు, మీ చీటీ పోగా ఆయనకు నెలకు ఇంత అని ఒక మొత్తం అనుకోండి. అందులో ఆయన ఏం కొన్నా మీరు లెక్క అడగొద్దు. అది దాటితే ఆయన కొనొద్దు. మీకూ అలాగే లెక్క చెప్పక్కర్లేని డబ్బు కొంత ఉండాలి, అది మరిచిపోకండి. ఇప్పుడు అమ్మే బ్లాకు 1958 నాటి బ్లాకులో కూడా బిగుసుకుంటుంది. అందువల్ల పాత సెట్లు విప్పి కొత్తవి కట్టుకోవచ్చు, ఎవరో వాడి వదిలేసిన విడి ముక్కలు చవగ్గా దొరికితే తీసుకోవచ్చు. సొంతంగా కట్టే స్థాయికొచ్చిన మనిషికి ప్రతి నెలా కొత్త పెట్టె అక్కర్లేదు.

బాబు విషయంలో కూడా ఆయనే మారాలి. సగంలో ఉన్నదాన్ని ముట్టుకోవద్దనడం న్యాయమే. అసలు దగ్గరికే రావద్దనడం న్యాయం కాదు. బాబుకు వేరే డబ్బా, అందులో వాడిష్టం వచ్చిన ముక్కలు, అదే టేబుల్ మీద ఒక చివర చోటు ఇమ్మనండి. అంతేగానీ "బాబుకు నేర్పిస్తానంటేనే ఒప్పుకుంటాను" అని షరతు పెట్టకండి. వాడి లెక్కలు బాగుపడతాయనో, మెదడు పదునెక్కుతుందనో వంక చూపిస్తేనే ఆయనకు ఆ గంట దక్కేలా చేస్తే, రేపు వాడికి మార్కులు తగ్గినప్పుడు ఆ పాపమూ ఆయన నెత్తినే పడుతుంది. ఎవరికీ ఉపయోగపడని గంట ఒకటి ఆయనకు ఉండనివ్వండి. అయితే అది గంటే అయి ఉండాలి. ఆఫీసు నుంచి భోజనం దాకా అంతా ఆ టేబులే అయితే మీకు కోపం రావడం సహజం. ఏ వేళ ఆయనది, ఏ వేళ ఇంటిది అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి.

మేడమీద గది వద్దు. మన కర్నూలు ఎండ కిటికీలోంచి నేరుగా పడితే తెల్ల ముక్కలు పసుపుపచ్చబడతాయి. పైగా మనిషిని కూడా మేడమీదకు పంపించేసినట్టే అవుతుంది. హాల్లో ఎండ తగలని గోడకు ఒక అద్దాల అలమారా పెట్టించండి, దుమ్ము గొడవ కూడా తగ్గుతుంది. మీ అమ్మగారు ఈసారి వచ్చి ఏమైనా అంటే జవాబు మీరే చెప్పండి, అల్లుడి దాకా రానివ్వకండి.

ఇప్పుడు డాక్టరు. ఇష్టంగా బొమ్మ ఇటుకలు పేర్చుకోవడం జబ్బు కాదు. డ్యూటీ ఎగ్గొట్టడం, అప్పులు చేసి కొనడం, రాత్రుళ్లు నిద్ర మానేయడం, ఆపమంటే తట్టుకోలేకపోవడం, లేదా ఆ బ్లాకులతో సహా దేనిమీదా ఆసక్తి లేకుండా వారాల తరబడి ముభావంగా ఉండిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చెయ్యకండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసినా ఉచితంగా మాట్లాడతారు. అలాంటివేమీ లేకపోతే ముందు ఆ ఫొటోలు వెతకండి.