కోర్సు పేరు కాదు, ఆఖర్న ఏ పరీక్ష రాయనిస్తారో అడగండి

సిస్టర్ గారి జవాబులు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే రెండింటిలో ‘కమ్యూనిటీ కాలేజీ నర్సింగ్’ అన్న మాట కనిపించింది. ఒకరు డల్లాస్ సంగతి అడిగారు, ఇంకొకరు మన ఊళ్లో సంగతి. మాట ఒకటే గానీ సరుకు వేరు. మూడో ఉత్తరం కూడా ఈ దారిదే కాబట్టి మూడూ కలిపి జవాబిస్తున్నాను. మోకాళ్ల నొప్పుల వాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా అమ్మాయి 2015లో ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలో బీఎస్సీ బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పాసైంది. పెళ్లయి డల్లాస్ వెళ్లింది. అల్లుడు గారిది హెచ్1 ఉద్యోగ వీసా, తనది భార్యగా వచ్చిన హెచ్4 వీసా. అక్కడ కమ్యూనిటీ కాలేజీలో 2 ఏళ్ల నర్సింగ్ ఉందట, చేరతానంటోంది. డిగ్రీ ఉంది కదా, ఇంకా ఏం కావాలి? నిజంగా 2 ఏళ్లేనా? అది చదివితే నర్సు అంటారా, ఆయా అంటారా? – ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్న చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత కాస్త ఒళ్లు మండింది. ఆయా కాదు, నర్సే. అక్కడి కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల డిగ్రీలిచ్చే స్థానిక కాలేజీ. అక్కడ ఆ కోర్సును అసోసియేట్ డిగ్రీ ఇన్ నర్సింగ్ అంటారు, పొట్టిగా ఏడీఎన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో నర్సులు చాలకపోతే, మిల్డ్రెడ్ మోంటాగ్ అనే నర్సింగ్ ప్రొఫెసరు ఆలోచనతో 1952లో కొన్ని కాలేజీల్లో ప్రయోగంగా మొదలుపెట్టారు. నాలుగేళ్లు చదివిన నర్సుకు ఒక మెట్టు కింద పనిచేసే నర్సు తయారవుతుందని ఆవిడ అనుకున్నారు. లైసెన్సు పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒక్కటే అయింది. ఇప్పటికీ అంతే. రెండేళ్లు చదివినా నాలుగేళ్లు చదివినా రాసేది ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్, పాసైతే ఇద్దరూ రిజిస్టర్డ్ నర్సులే.

ఇక ఆ 2 ఏళ్ల మాట. అది నర్సింగ్ క్లాసులో కూర్చున్న రోజు నుంచి వేసే లెక్క. ఆ క్లాసు గుమ్మం దాకా వెళ్లడానికే ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ప్రీ రిక్విజిట్లు అని ముందే కొన్ని సబ్జెక్టులు పూర్తి చేయాలి: అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ఇంగ్లిష్ కంపోజిషన్, సైకాలజీ. కొన్ని కాలేజీలు కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ కూడా అడుగుతాయి. మా అమ్మాయి బీజడ్‌సీ చేసిందిగా అంటారేమో. కప్పను కోసిన అనాటమీ అక్కడ చెల్లదమ్మా, మనిషి శరీరం మీద ల్యాబుతో సహా చదవాలి. పైగా సైన్సు సబ్జెక్టులు 5 ఏళ్లలోపో 7 ఏళ్లలోపో చదివినవై ఉండాలని చాలా కాలేజీల నిబంధన. 2015 నాటి మార్కులకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

మా చెల్లెలి కూతురు న్యూజెర్సీలో ఇదే దారిన వెళ్లింది. తను చదివింది బీకాం. అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే నేను ఇక్కడ పొద్దున్నే 6 గంటలకు డికాషన్ దించుతుంటే ఫోన్ వచ్చేది. “పెద్దమ్మా, మణికట్టులో 8 ఎముకలు, నువ్వు వరసగా చెప్పు, నేను వెనకాల చెప్తాను” అనేది. స్కాఫాయిడ్, లూనేట్ అంటూ ఇద్దరం ఎక్కాల్లా వల్లించేవాళ్లం. అయినా మొదటిసారి సి గ్రేడే వచ్చింది. సి అంటే పాసే, కానీ ఆ కాలేజీలో నర్సింగ్‌కు బి ఉండాలి. మళ్లీ కట్టి మళ్లీ చదివింది. ఎన్నిసార్లు తిరిగి చదవనిస్తారన్నదానికీ లెక్క ఉంటుంది, మీ అమ్మాయి అది ముందే కనుక్కోవాలి. మొత్తం మీద ఆ పిల్ల 2 ఏళ్ల కోర్సు పూర్తయ్యేసరికి నాలుగేళ్లు పట్టింది. ఈ మధ్యలో నాకు మాత్రం మర్చిపోయిన అనాటమీ అంతా మళ్లీ నోటికొచ్చేసింది.

ప్రీ రిక్విజిట్లు అయ్యాక సీటు కోసం పోటీ. టీస్ అనో హెసీ అనో ఒక ప్రవేశ పరీక్ష ఉంటుంది, ఏది రాయాలో కాలేజీ చెబుతుంది. టీస్‌లో 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. చదివి అర్థం చేసుకోవడం, లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ వాడకం, ఈ నాలుగూ ఉంటాయి. మన పిల్లలకు లెక్కలు మంచినీళ్లు తాగినట్టే, ఇంగ్లిష్ దగ్గరే మార్కులు జారతాయి. ఆ పరీక్ష మార్కులు, గ్రేడ్లు కలిపి కొన్ని కాలేజీలు పాయింట్లు వేస్తాయి. కొన్నిచోట్ల వెయిటింగ్ లిస్టు, కొన్నిచోట్ల లాటరీ కూడా. కొన్ని కాలేజీలు ముందు సీఎన్ఏ, అంటే నర్సింగ్ అసిస్టెంటు సర్టిఫికెట్ తెమ్మంటాయి. అడగకపోయినా అది చేయమనే నేనంటాను. బెడ్‌పాన్ పట్టుకున్న మొదటి రోజే ఈ పని తనకు పడుతుందో లేదో తేలిపోతుంది.

ఇక్కడి నుంచి మీరు చేయగలిగిన సాయం ఉంది. అమ్మాయి ఇంటర్ లాంగ్ మెమో, డిగ్రీ మార్కుల జాబితాలు వెతికి పెట్టండి. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు సీలు కవర్లో తీసుకోవాల్సి ఉంటుంది. వాటిని అక్కడ వెస్ లాంటి సంస్థ సబ్జెక్టు వారీగా విలువ కడుతుంది. ఏ సంస్థ కట్టిన విలువ ఒప్పుకుంటారో కాలేజీని అడిగాకే డబ్బు కట్టమనండి. రెండోది, చిన్నప్పటి టీకాల కార్డు. నవ్వకండి, బీరువాలో చీరల కింద చూడండి. హెపటైటిస్ బి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, ధనుర్వాతం, అన్నిటికీ రుజువు లేనిదే హాస్పిటల్ వార్డులోకి పంపరు. కార్డు పోతే రక్త పరీక్షతో కూడా తేలుస్తారు. టీబీ దగ్గర ఇంకో తిరకాసు. మన పిల్లలందరి భుజం మీదా బీసీజీ మచ్చ ఉంటుంది కదా, దానివల్ల చర్మం మీద చేసే టీబీ పరీక్ష ఊరికే పాజిటివ్ చూపించొచ్చు. మా చెల్లెలి కూతురికి అలాగే వచ్చి రెండు రోజులు అన్నం మానేసింది. టీబీకి రక్త పరీక్ష చేయమని అడిగితే సరిపోతుంది.

హెచ్4 మీద చదువుకోవచ్చు, విడిగా స్టూడెంట్ వీసా అక్కర్లేదు. ఉద్యోగం మాత్రం చేయకూడదు, దానికి ఈఏడీ అనే పని అనుమతి కార్డు కావాలి. అల్లుడు గారి గ్రీన్ కార్డు దారిలో కంపెనీ పెట్టే ఐ140 అర్జీ ఆమోదం పొందితే సాధారణంగా ఆ కార్డుకు అర్హత వస్తుంది. ఇంకోటి, చాలామంది చివర్లో కంగారుపడేది: కొన్ని రాష్ట్రాల బోర్డులు లైసెన్సుకు సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతాయి, పని చేసే అనుమతి లేని హెచ్4కు ఆ నంబరు ఇవ్వరు. కాబట్టి మొదటి సబ్జెక్టుకు ఫీజు కట్టకముందే టెక్సాస్ నర్సింగ్ బోర్డును, కాలేజీ వాళ్లను ఈ ఒక్క ప్రశ్న ఈమెయిల్లో అడిగి, జవాబు దాచుకోమనండి. ఆ కాలేజీ నర్సింగ్‌కు రాష్ట్ర బోర్డు ఆమోదం ఉందో లేదో కూడా అదే ఉత్తరంలో అడగాలి. ఆమోదం లేని చోట చదివితే ఎన్‌క్లెక్స్ రాయనివ్వరు.

డిగ్రీ ఉన్నవాళ్లకు యూనివర్సిటీల్లో ఏడాది, ఏడాదిన్నరలో ముగిసే బీఎస్సీ నర్సింగ్ కూడా ఉంది. ప్రీ రిక్విజిట్లు దానికీ తప్పవు, ఖర్చు ఎక్కువ. ఒళ్లో పిల్లలుంటే నేను కమ్యూనిటీ కాలేజీ వైపే మొగ్గుతాను. ఉద్యోగంలో చేరాక ఆర్ఎన్ టు బీఎస్ఎన్ అని మిగతా చదువు ఆన్‌లైన్లో పూర్తి చేయొచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే 2017లో చేసిన చట్టం ప్రకారం కొత్తగా వచ్చే నర్సులు లైసెన్సు తీసుకున్న 10 ఏళ్లలో బీఎస్సీ చేసి తీరాలి.

ప్రశ్న: సిస్టర్ గారూ, నేను ఇంటర్ బైపీసీ పాసయ్యాను. నాన్న ఆటో నడుపుతారు. మా వీధిలో ఒకాయన ‘కమ్యూనిటీ కాలేజీ నర్సింగ్, ఏడాది కోర్సు, ఉద్యోగం గ్యారంటీ’ అంటున్నారు. చేరమంటారా? – ఒక విద్యార్థిని, పెందుర్తి

జవాబు: చేరకు తల్లీ. నువ్వు నర్సు కావాలనుకుంటే చేరకు. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీ అంటే పని నేర్పే చిన్న కోర్సుల చోటు. ఆ కోర్సుల్లో మంచివీ ఉంటాయి, కానీ అవి నిన్ను నర్సును చేయవు. మన దేశంలో 1947 చట్టం కింద ఏర్పడ్డ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో తొలి మెట్లు మూడే: ఏఎన్ఎం (ఆక్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) 2 ఏళ్లు, జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) 3 ఏళ్లు, బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు. వీటిలో ఏదీ ఏడాదిలో అయ్యేది కాదు.

మా పక్కింటి అమ్మాయి ఇలాగే ఒక సంస్థలో ఏడాది చదివి వచ్చింది. ఫొటో అంటించి, బంగారు రంగు సీలు వేసిన సర్టిఫికెట్. దాన్ని పట్టుకుని రిజిస్ట్రేషన్‌కు వెళితే కౌంటరు దగ్గరే తిప్పి పంపేశారు. ఏడాది పోయింది, వాళ్లమ్మ గాజులు పోయాయి. ఆ సాయంత్రం ఆ పిల్ల విశాఖలో పెద్దాసుపత్రి కేజీహెచ్ డౌన్ బస్టాపులో కూర్చుని ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. తర్వాత జీఎన్ఎంలో చేరింది, ఇప్పుడు స్టాఫ్ నర్సు. కానీ గాజులు తిరిగి రాలేదు.

నీకు బైపీసీ ఉంది కాబట్టి బీఎస్సీకే ప్రయత్నించు. డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 45 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు. ఇంగ్లిష్ పాసై ఉండాలి. హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ పడగానే కన్వీనర్ కోటాకు దరఖాస్తు పెట్టు. కేజీహెచ్‌ను అంటిపెట్టుకునే ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది, ముందు దానికే ఆశపడు. మార్కులు చాలకపోతే జీఎన్ఎం, దానికి 40 శాతం చాలు, ఎంపీసీ, సీఈసీ వాళ్లనూ తీసుకుంటారు. జీఎన్ఎం అయ్యాక పోస్ట్ బేసిక్ బీఎస్సీ 2 ఏళ్లు. నేను ఎక్కిన మెట్లు అవే. జీఎన్ఎం చేసి, పదకొండేళ్లు వార్డుల్లో తిరిగి, చంటి పిల్లను మా అత్తగారి దగ్గర వదిలి పోస్ట్ బేసిక్ చదివాను. మా క్లాసులో నాకంటే పెద్దవాళ్లు ఇద్దరుండేవారు.

ఆ ఒకాయన మళ్లీ వస్తే ఒక్కటే అడుగు: “ఇది చదివితే స్టేట్ నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఇస్తారా, కాగితం మీద రాసిస్తారా?” అని. ఇంక మీ వీధి వైపు రాడు.

ప్రశ్న: జీఎన్ఎం చేసి నగరంలో ప్రైవేటు ఆసుపత్రిలో 5 ఏళ్లుగా పని చేస్తున్నాను. అమెరికా వెళ్లాలంటే అక్కడ కమ్యూనిటీ కాలేజీలో మళ్లీ చదవాలా మేడమ్? – ఒక స్టాఫ్ నర్సు, ఎంవీపీ కాలనీ

జవాబు: అక్కర్లేదమ్మా. నీ చదువుకు సీజీఎఫ్ఎన్ఎస్ (ఇప్పుడు ట్రూమెరిట్ అంటున్నారు) లాంటి, విదేశీ నర్సుల చదువు పరిశీలించే సంస్థ విలువ కడుతుంది, ఏదో ఒక రాష్ట్ర బోర్డు అనుమతి తీసుకుని ఎన్‌క్లెక్స్ రాయొచ్చు. రాష్ట్రం ఎంచుకునేటప్పుడు తొందరపడకు. ఉదాహరణకు కాలిఫోర్నియా వాళ్లు థియరీ, క్లినికల్ రెండూ ఒకే కాలంలో చేశావా అని తేదీలు పట్టి చూస్తారు, పిల్లల వార్డు ఒక ఏడాది, పాఠం ఇంకో ఏడాది అయితే ఒప్పుకోరు. అలాంటి లోటు తేలితే ఆ సబ్జెక్టు వరకు అక్కడ చదవాల్సి రావచ్చు, కోర్సు మొత్తం కాదు. ఇంగ్లిష్ పరీక్ష, వీసా కోసం నీ చదువు, లైసెన్సు సరిచూసి ఇచ్చే వీసాస్క్రీన్ సర్టిఫికెట్ కూడా ఉంటాయి. గ్రీన్ కార్డు దగ్గర మాత్రం భారతీయుల క్యూ ఏళ్ల తరబడి ఉంది. ఆరు నెలల్లో పంపిస్తామనే ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకు.

ఎన్‌క్లెక్స్‌లో 85 నుంచి 150 ప్రశ్నలు, గరిష్ఠంగా 5 గంటలు. 2023 ఏప్రిల్ నుంచి ఒక రోగి కేసు ఇచ్చి దాని మీద వరుసగా అడిగే ప్రశ్నలు పెరిగాయి. ఐదేళ్లు వార్డులో ఉన్నదానివి, వాటికి నువ్వు భయపడక్కర్లేదు. మనకు దగ్గరి సెంటరు హైదరాబాద్. రాత్రంతా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని పొద్దున దిగి అదే రోజు రాయకు, ఒక రోజు ముందే వెళ్లు. పాస్‌పోర్టు చూపించాలి. అందులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, జీఎన్ఎం సర్టిఫికెట్లో ఒక్క ఇనిషియలే ఉంటే ఆ తేడా ఇప్పుడే సరిచేయించుకో. దానికే మూడు నెలలు తిరగాల్సి రావచ్చు.