చిన్న కాలేజీలో కలిసిపోగలనా అన్న మీ ప్రశ్నకు

మీకు పార్టీలు పడవు, కొత్తవాళ్లతో త్వరగా కలవలేరు, అందుకే అమెరికాలో రెండు వేలమంది కూడా లేని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో (ఒకే సబ్జెక్టు కాక రకరకాల సబ్జెక్టులు చదివించే చిన్న కాలేజీలో) ఒంటరైపోతానేమోనని మీ టెన్షన్. అర్థమైంది. కానీ వాటన్నిటినీ ఒకే గాటన కట్టకండి. గ్రిన్నెల్, రీడ్ కాలేజీల్లో ఫ్రెటర్నిటీలే, అంటే పార్టీలకు పేరుపడ్డ మగ విద్యార్థుల సంఘాలే, లేవు. పొమోనా కాలేజీలో చేరితే పక్కనే ఉన్న మరో నాలుగు క్లేర్‌మాంట్ కాలేజీల్లోనూ క్లాసులు తీసుకోవచ్చు, భోంచేయవచ్చు. అంటే పరిచయాలకు కొదవుండదు. హాస్టల్లో ఒక రాత్రి ఉండనిస్తారేమో అడ్మిషన్స్ ఆఫీసును అడగండి. వెళ్లడం కుదరకపోతే అక్కడి విద్యార్థులతో వీడియో కాల్‌లో మాట్లాడండి. ముఖ్యంగా ఇది అడగండి: "శనివారం రాత్రి పార్టీకి వెళ్లనివాళ్లు ఏం చేస్తారు?" తడుముకోకుండా నాలుగైదు సంగతులు చెప్తే, ధైర్యంగా అప్లై చేయండి.