ఆ పొడి కొంచెం కూడా వద్దు

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకని తెలిసినవాళ్లు సంతలో కొన్న మూలికల పొడి తెచ్చిచ్చారు. రెండు వారాలు కషాయం కాచుకుని తాగారు, నొప్పి తగ్గిందన్నారు. మొన్న కాస్త ఎక్కువ వేసుకున్నారు. తాగిన అరగంటకే పెదాలు, నాలుక తిమ్మిరెక్కి, వాంతులై, కళ్లు తిరిగి పడిపోయారు. గుండె లయ తప్పిందని ఐసీయూలో పెట్టారు. ఏం తాగారని డాక్టర్లు అడిగితే చెప్పలేకపోయాం. ఇప్పుడు బాగానే ఉన్నారు. మిగిలిన పొడి కొంచెం కొంచెంగా వాడతానంటున్నారు. మూలికలే కదా, ఇంత పని చేస్తాయా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: చేస్తాయమ్మా. ఆ పొడి చిటికెడు కూడా వాడనివ్వకండి.

పొడిని పరీక్షించకుండా ఫలానాదే అని తేల్చలేం. కానీ నోటి చుట్టూ తిమ్మిరి, వాంతులు, వెంటనే గుండె లయ తప్పడం వరుసగా వచ్చాయంటే నాకు మొదట అనుమానం వచ్చేది వత్సనాభి దుంప మీదే. నొప్పుల మందుల్లో దీన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. ఇందులోని అకోనిటిన్ అనే విషం గుండె, నరాల కణాల్లోకి సోడియం వెళ్లే దారులను మూసుకోనివ్వదు. అందుకే గుండె అదుపు తప్పి కొట్టుకుంటుంది.

ఆయుర్వేదం కూడా దీన్ని విషంగానే లెక్కగట్టి, శుద్ధి చేశాకే వాడమంటుంది. చాలాసేపు మరిగిస్తే అకోనిటిన్ విరిగి విషం బాగా తగ్గుతుంది. ఇంట్లో పది నిమిషాలు కాస్తే ఆ పని జరగదు. పైగా ఒక దుంపలో ఉన్నంత విషం ఇంకో దుంపలో ఉండదు. రెండు వారాలు ఏమీ కాలేదు కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. మన ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ ఈ(1) అని విషపదార్థాల జాబితా ఉంది. వత్సనాభి, ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, ముష్టి గింజలు అందులోవే. ఇవి కలిసిన కంపెనీ మందు సీసా మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలని హెచ్చరిక ఉండాలి. పేరే లేని పొట్లం మీద ఏ హెచ్చరిక ఉంటుంది?

వత్సనాభికి విరుగుడు మందు లేదు. ఈసీజీ మానిటర్ మీద ఉంచి, లయ తప్పితే అమియోడరోన్ లాంటి మందులు, గుండె వేగం పడిపోతే అట్రోపిన్ ఇస్తూ విషం దిగేదాకా కాపాడాలి. సమయానికి చేరితే చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు. మీ నాన్నగారిని వెంటనే తీసుకెళ్లారు, అదే ఆయన్ను నిలబెట్టింది.

ఏం తాగారో తెలియడం ఎందుకు ముఖ్యమంటే, ఒక్కో మొక్కకు వైద్యం ఒక్కోలా ఉంటుంది. గన్నేరు అయితే గుండె చాలా నెమ్మదిస్తుంది, ప్రమాదం కొన్ని గంటలు ఆలస్యంగా కూడా రావచ్చు. దానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్నా ఖరీదెక్కువ, అన్నిచోట్లా దొరకదు. ఉమ్మెత్త అయితే నోరెండిపోయి, కంటిపాపలు పెద్దవై, మనిషి పిచ్చిగా మాట్లాడతాడు. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కరోనా రాదని ఎవరో వీడియోలో చెబితే నమ్మి ఉమ్మెత్త తీసుకున్నవాళ్లు ఇలాగే ఆసుపత్రి పాలయ్యారు. అడవినాభి దుంప (ఇది వత్సనాభి కాదు, వేరే మొక్క) మరీ మోసకారి. వాంతులు, విరేచనాలు తగ్గి గండం గడిచిందనుకున్నాక రక్తకణాలు పడిపోతాయి.

ఇలాంటిది ఎవరికి జరిగినా ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు తాగించి కక్కించకండి. మగతలో ఉన్న మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చేయండి. మీ విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ అయినా, ఐసీయూ ఉన్న దగ్గరి ఆసుపత్రి అయినా సరే. మిగిలిన పొడి, కాచిన గిన్నె, ఆకో వేరో ఉంటే అదీ పట్టుకెళ్లండి. నాటు మందు తాగామంటే డాక్టరు తిడతారని చాలామంది దాస్తారు. దయచేసి దాచకండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రీపగలూ సలహా ఇస్తుంది.

మీ నాన్నగారికి ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), లివర్ పరీక్షలు, షుగర్, బీపీ చూపించండి. నొప్పి పొడుల్లో స్టెరాయిడ్లు, సీసం కలిసిన సందర్భాలు ఉన్నాయి. ఆయన్ని కోప్పడకండి, నొప్పి భరించలేకే కదా తాగారు. మోకాళ్లను ఎముకల డాక్టరుకు చూపించి, తొడ కండరాలు బలపడే వ్యాయామాలు నేర్పించండి. ఆయుర్వేదమే కావాలంటే రిజిస్టర్డ్ వైద్యుడి దగ్గరికి వెళ్లి, జరిగిందంతా ముందే చెప్పండి. మిగిలిన పొడిని పారేయకుండా కవర్లో కట్టి, ఎవరి చేతికీ అందనిచోట పెట్టి, ఆయనకు చికిత్స చేసిన డాక్టరుకు రేపే ఇవ్వండి.